బెంగాల్స్ ఓ-లైన్ ఎన్నేళ్లైనా ఎందుకు కుదురుకోవట్లేదు? తప్పు డ్రాఫ్ట్‌దా, కోచ్‌లదా, బరోదా?

ఒహాయో ఓబులేసు:

అందరికీ నమస్తే. ఒహాయో వచ్చాకే నాకీ అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది, ఆఫీసులో చుట్టూ సిన్సినాటి టీమ్ బెంగాల్స్ వాళ్లే కాబట్టి నేనూ బెంగాల్సే, ఇంక తప్పించుకునే దారి లేదు. మా క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరేవాడు) జో బరో ఆడుతుంటే చూడ్డానికి సంతోషమే గానీ అతన్ని కాపాడ్డానికి ముందు నిలబడే ఆ ఐదుగురిని, అంటే ఓ-లైన్‌ని (ఆఫెన్సివ్ లైన్), చూస్తేనే బీపీ పెరిగిపోతోంది.

ఒకసారి వరసగా చూడండి. 2020లో డ్రాఫ్ట్‌లో (కాలేజీ కుర్రాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకోడం) మొదటి పిక్‌గా వచ్చాడు, నవంబర్లో వాషింగ్టన్ మ్యాచ్‌లో మోకాలు పోయింది, ఏసీఎల్ ఎంసీఎల్ లిగమెంట్లు రెండూ. 2021 రెగ్యులర్ సీజన్లో 51 సాక్స్ (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడెయ్యడం), లీగ్‌లో అందరికంటే ఎక్కువ. ప్లేఆఫ్స్‌లో టైటన్స్ వాళ్లు ఒక్క మ్యాచ్‌లో 9 సార్లు పడేశారు, అయినా 19-16తో గెలిచాం, అదెలా గెలిచామో నాకిప్పటికీ అర్థం కాదు. సూపర్ బౌల్లో (లీగ్ ఫైనల్) రామ్స్ చేతిలో ఇంకో 7. సరే అని 2022లో డబ్బు కుమ్మరించి టెడ్ కారస్, అలెక్స్ కాపా, లయెల్ కాలిన్స్ అని ముగ్గురు లైన్‌మన్‌లని తెచ్చారు, 2023లో ఓర్లాండో బ్రౌన్ జూనియర్, 2024లో మొదటి రౌండ్లో అమేరియస్ మిమ్స్. ఆ 2024లోనే బరో 43 టచ్‌డౌన్ పాసులేసి యార్డ్స్‌లో లీగ్ మొత్తానికి ఫస్ట్ వచ్చాడు, దాంతోపాటే 48 సాక్స్ తిన్నాడు, టీమ్ 9-8తో ప్లేఆఫ్స్ కూడా చూడలేదు. 2025లో రెండో వారమే జాగ్వార్స్ మ్యాచ్‌లో సాక్ అవుతూ కాలి బొటనవేలు పోయి సర్జరీ.

నా ప్రశ్న ఏంటంటే లైన్‌కి ఐదుగుర్ని వెతుక్కోడం అంత కష్టమా అసలు? 2021లో లైన్‌మన్ పెనే సీవెల్‌ని వదిలేసి రిసీవర్ (పాసులు పట్టేవాడు) జమార్ చేజ్‌ని తీసుకోడమే తప్పా? లేక కోచింగా, లైన్ కోచ్ ఫ్రాంక్ పొలాక్‌ని 2025 జనవరిలో తీసేసి స్కాట్ పీటర్స్‌ని తెచ్చారు కదా? లేకపోతే కొంతమంది అన్నట్టు బరోనే బంతి పట్టుకుని కూర్చుంటున్నాడా? నాకు ఆట పైపైనే తెలుసు, బంతి ఎటుపోతే కళ్లు అటుపోయే బాపతు, లైన్లో ఏం జరుగుతోందో కంటికి ఆనదు. తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి.

థర్డ్ అండ్ లాంగ్:

ఓబులేసన్నా, నువ్వు 2020 నుంచి లెక్క మొదలెట్టావు గానీ ఈ రోగం అంతకు ముందుది. లైన్లో మధ్యలో ఉండేవాడు సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డ్‌లు, రెండు చివర్లలో టాకిల్స్, అది గుర్తుపెట్టుకో. 2017 మార్చిలో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్ట్ అయిపోయినవాళ్లు వేరే టీమ్‌కి పోయే సమయం) తెరిచీ తెరవగానే లెఫ్ట్ టాకిల్ ఆండ్రూ విట్‌వర్త్ రామ్స్‌కి పోయాడు, రైట్ గార్డ్ కెవిన్ జైట్లర్ బ్రౌన్స్‌కి పోయాడు. లైన్లో ఉన్న ఇద్దరు బెస్ట్ ప్లేయర్లు ఒకే నెలలో ఖాళీ. విట్‌వర్త్‌కి అప్పటికి 35 ఏళ్లు, ఇంకేం ఆడతాడులే అనుకున్నారు, పైగా వారసులు రెడీగా ఉన్నారని ధీమా ఒకటి, ఎందుకంటే 2015లో మొదటి రౌండ్లో సెడ్రిక్ ఒగ్బుహి, రెండో రౌండ్లో జేక్ ఫిషర్ అని ఇద్దరు టాకిల్స్‌నే తీసుకున్నారు. ఇద్దరూ నిలబడలేదు. 2018 మొదటి రౌండ్లో సెంటర్ బిల్లీ ప్రైస్, అతనూ అంతే. ఆ పెద్దాయన మాత్రం ఇంకో ఐదు సీజన్లు దర్జాగా ఆడి, 40 ఏళ్ల వయసులో, 2022 ఫిబ్రవరిలో, రామ్స్ జెర్సీలో, మన మీదే సూపర్ బౌల్ గెలిచి రిటైరయ్యాడు. సొంత టీమ్ వదిలేసిన టాకిల్ ఎదురు టీమ్‌లో నిలబడి క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడుతుంటే ఇటు మన క్వార్టర్‌బ్యాక్ 7 సార్లు కింద పడుతున్నాడు, ఆ రోజు చూసినవాళ్లకి తెలుస్తుంది ఆ మంట.

ఇక చేజా సీవెలా అనే గోల. దీని మీద జనం ఇప్పటికీ కొట్టుకుంటారు, నాకైతే టైమ్ వేస్ట్ అనిపిస్తుంది. చేజ్ 5వ పిక్, సీవెల్ 7వ పిక్‌లో లయన్స్‌కి పోయి ఆల్-ప్రో (ఆ ఏడాది లీగ్ బెస్ట్ టీమ్) అయ్యాడు, ఒప్పుకుంటా. కానీ చేజ్ 2024లో 127 క్యాచ్‌లు, 1,708 యార్డ్స్, 17 టచ్‌డౌన్లు, మూడింట్లోనూ లీగ్‌లో నంబర్ వన్. ఎవర్ని తీసుకున్నా నష్టం లేని పిక్ అది. అసలు తప్పు 5 దగ్గర జరగలేదు, 46 దగ్గర జరిగింది. రెండో రౌండ్లో మన చేతిలో 38వ పిక్ ఉంది, దాన్ని పేట్రియట్స్‌కి ఇచ్చి 46కి దిగి, క్లెమ్సన్‌లో లెఫ్ట్ టాకిల్ ఆడిన జాక్సన్ కార్మన్‌ని తీసుకుని గార్డ్‌గా మారుద్దాం అనుకున్నారు. కుదర్లేదు. అదే రౌండ్లో 63వ పిక్ దాకా క్రీడ్ హంఫ్రీ అలాగే ఉన్నాడు, చీఫ్స్ పట్టుకెళ్లారు, సెంటర్ పొజిషన్‌కి ఇక వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఆరో రౌండ్లో ట్రే స్మిత్‌ని కూడా వాళ్లే తీసుకున్నారు, అతనికి ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డల సమస్య ఉందని అన్ని టీమ్స్ భయపడి వదిలేస్తే.

చీఫ్స్ లైన్ లోపలి ముగ్గుర్లో ఇద్దరు అలా ఒకే డ్రాఫ్ట్‌లో, మనం చూస్తుండగానే పోయారు. అందరూ 5వ పిక్ గురించి అరుస్తారు, 46 గురించి ఒక్కడూ మాట్లాడడు.

పాకెట్ పంతులు:

పైన అన్నదంతా నిజమే గానీ డ్రాఫ్ట్ ఒక్కటే చూస్తే లైన్ ఎందుకు విరుగుతుందో తెలీదు. ఓబులేసు గారూ, ఐదుగుర్ని వెతుక్కోడం అంత కష్టమా అన్నారు కదా, ఒక్క ప్లే చెప్తాను చూడండి, తర్వాత మీరే అనుకోండి కష్టమో కాదో.

షాట్‌గన్‌లో (క్వార్టర్‌బ్యాక్ సెంటర్‌కి కొన్ని గజాల వెనక నిలబడ్డం) ఉన్నారు, థర్డ్ డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో మూడోది), పాస్ అని అందరికీ తెలుసు. మన గార్డ్ ఎదురుగా వాళ్ల డిఫెన్సివ్ టాకిల్ (మధ్యలోంచి వచ్చేవాడు), మన టాకిల్ బయటి భుజం దగ్గర వాళ్ల ఎండ్ (అంచు నుంచి వచ్చేవాడు). స్నాప్ (సెంటర్ బంతి వెనక్కివ్వడం) అవగానే ఆ డిఫెన్సివ్ టాకిల్ గార్డ్ మీదకి రాకుండా పక్కకి వాలి మన టాకిల్ పక్కటెముకల్లోకి దూరతాడు. అదే టైమ్‌లో ఎండ్ బయటికి రెండడుగులు వేసినట్టే వేసి, వాడి వెనక నుంచి లోపలికి చుట్టి, గార్డ్‌కీ సెంటర్‌కీ మధ్య సందులోకి వస్తాడు. దీన్నే స్టంట్ అంటారు, కొందరు ట్విస్ట్ అంటారు. ఇప్పుడు గార్డ్ ఏం చెయ్యాలి? నావాడు బయటికి పోతున్నాడే అని వాడి వెంట పోకూడదు. చేత్తో వాణ్ని టాకిల్‌కి అప్పజెప్పి, భుజాలు ఎదురుగానే పెట్టుకుని, కళ్లు వెంటనే లోపలికి తిప్పాలి, ఎందుకంటే చుట్టి వచ్చేవాడు ఇప్పుడు తనవాడు. టాకిల్ కూడా ఎండ్ మాయమైన క్షణంలోనే వాణ్ని వదిలేసి లోపల్నుంచి వచ్చేవాడి కోసం కాలు దించి ఆపుకోవాలి. గార్డ్ నడుము ఒక్కసారి బయటికి తిరిగిందా, అంతే, మధ్యలో తలుపు తెరిచినట్టే. ఇదంతా సెకనున్నర, రెండు సెకన్లు. అరిచి చెప్పుకునే టైమ్ ఉండదు, ఎదుటి టీమ్ స్టేడియంలో అయితే అరిచినా వినపడదు. కబడ్డీలో చెయిన్ పట్టుకున్నోళ్లు ఒకరి చెయ్యి బిగువుని బట్టి రెండోవాడు కదుల్తాడు చూడండి, అలా పక్కోడి మొదటి అడుగుని బట్టి అర్థమైపోవాలి.

అందుకే ఒక్కడు మారినా ఆ పక్కన ఇద్దరు కొత్తగా నేర్చుకోవాల్సొస్తుంది. 2022 చూడండి, ఆ కొత్త ముగ్గురు వచ్చాక మొదటి కొన్ని వారాలు ఘోరం, సీజన్ మధ్యకొచ్చేసరికి సర్దుకున్నారు, వరసబెట్టి గెలిచారు. డిసెంబర్లో పేట్రియట్స్ మ్యాచ్‌లో కాలిన్స్ మోకాలు పోయింది, తర్వాత కాపా, ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లో జోనా విలియమ్స్. కాన్సాస్ సిటీలో ఏఎఫ్‌సీ ఫైనల్‌కి (సూపర్ బౌల్‌కి ముందు మెట్టు) ఐదుగుర్లో ముగ్గురు బ్యాకప్‌లు. స్కోరు 20-20, చివరి నిమిషంలో థర్డ్ డౌన్ మీద క్రిస్ జోన్స్ వచ్చి బరోని పడేశాడు, పంట్ చేశాం (బంతిని వాళ్ల వైపు తన్నేశాం), ఆ తర్వాత వాళ్ల ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని 3 పాయింట్లు), 23-20. ఆ రోజు ఓడింది డ్రాఫ్ట్ వల్లా, గాయాల వల్లా, ఆరో ఏడో ఎనిమిదో లైన్‌మన్ మీద ఏనాడూ శ్రద్ధ పెట్టకపోవడం వల్లా? నేనైతే మూడోదే అంటా. ఆటలోకి దిగే 48 మందిలో ఎనిమిది మంది లైన్‌మన్‌లు ఉండాల్సిందేనని 2020లో లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందంలో పెట్టారు, లేకపోతే 47 మందినే దింపాలి. ఎనిమిది మంది లేకపోతే పనవ్వదని లీగ్‌కే తెలుసు.

సాక్ శాస్త్రి:

పంతులు గారి క్లాస్ బావుంది గానీ నేను ఇంకో వైపు నుంచి వస్తా, తిట్టుకోండి పర్లేదు. సాక్ అనగానే లైన్ మీద కేసు పెట్టేస్తారు అందరూ, సగం సాక్స్ క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో వెయ్యాలి అని నా వాదన. కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ 2009 సీజన్ మొత్తంలో 10 సార్లే సాక్ అయ్యాడు. ఆ కోల్ట్స్ లైన్ అంత గొప్పదా? అస్సలు కాదు, ఆయన బంతి చేతిలో ఉంచుకుంటేగా, రష్ (మీదకి దూసుకొచ్చేవాళ్లు) వచ్చేలోపే వదిలేసేవాడు. బరో అలా కాదు, చివరి క్షణం దాకా డీప్ రూట్ (రిసీవర్ దూరం పరిగెత్తే దారి) తెరుచుకుంటుందేమో అని చూస్తాడు, పాకెట్‌లో (లైన్ అతని చుట్టూ కాపాడే జాగా) అటూ ఇటూ తప్పించుకుంటాడు, ఆ అలవాటు వల్లే సగం మ్యాచ్‌లు గెలిచాడు, ఆ అలవాటు వల్లే సగం దెబ్బలు తిన్నాడు.

ఇంకోటి, టాకిల్ బ్లాక్ చేసేటప్పుడు క్వార్టర్‌బ్యాక్ వెనక ఏడెనిమిది గజాల దగ్గర ఉంటాడని లెక్కేసుకుని రషర్‌ని ఆ చుట్టు దాటించేస్తాడు. క్వార్టర్‌బ్యాక్ పదో గజం దాకా జారిపోయాడనుకోండి, టాకిల్ కరెక్టుగా చేసినా ఆ రషర్ నేరుగా అతని ఒళ్లోకి వచ్చి పడతాడు. టీవీలో మనకి కనిపించేది టాకిల్ ఓడిపోయినట్టు. పాపం.

దీనికి తోడు హెడ్ కోచ్ జాక్ టేలర్ నడిపే ఆఫెన్స్. బరో కోసం ఎక్కువ షాట్‌గన్, అందులోనూ ఎంప్టీ, అంటే వెనక రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తేవాడు) కూడా ఉండడు, ఐదుగురే కాపలా. ప్లే యాక్షన్ (రన్ అని నటించి పాస్ వెయ్యడం) తక్కువ. డిఫెన్స్ వాళ్లకి రన్ గురించి దిగులే లేకపోతే చెవులు రిక్కించుకుని స్నాప్ కోసం చూస్తారు, అంతే. ఆ డ్యూటీ ఇస్తే ఏ లైన్ అయినా చస్తుంది.

పంతులు గారు కాన్సాస్ సిటీ మ్యాచ్ చెప్పారు, దానికి వారం ముందు బఫలో మ్యాచ్ చెప్పలేదు. అదే ముగ్గురు బ్యాకప్‌లు, మంచు పడుతోంది, బిల్స్ ఇంట్లో 27-10తో కొట్టారు. ఎలా? జో మిక్సన్ చేత పరిగెత్తించారు, 105 యార్డ్స్ వచ్చాయి, పాసులన్నీ టక్కున వదిలేశారు. అదే మనుషులు. మారింది ప్లాన్.

ఒహాయో ఓబులేసు:

శాస్త్రి గారూ మీ మాట కొంచెం గుచ్చుకుంది గానీ కాదనలేను. కానీ సూపర్ బౌల్ ఆఖరి ప్లే సంగతేంటి? ఫోర్త్ అండ్ 1 (ఆఖరి ప్రయత్నం, ఒక్క గజం కావాలి), 43 సెకన్లు, రామ్స్ 49 గజాల గీత దగ్గర ఉన్నాం, ఫీల్డ్ గోల్ కొడితే ఓవర్‌టైమ్. రామ్స్ ఆరన్ డోనల్డ్ వచ్చి బరోని గిర్రున తిప్పేశాడు, అతను పడిపోతూ మన రన్నింగ్ బ్యాక్ పెరైన్ వైపు విసిరాడు, అయిపోయింది. అటు చూస్తే చేజ్ ఒంటరిగా పరిగెడుతున్నాడు, కవర్ చేస్తున్న రామ్సే కింద పడిపోయి ఉన్నాడు. అర సెకను, ఇంకొక్క అర సెకను దొరికుంటే ఊరంతా పండగ. అక్కడ బరో ఏం పట్టుకుని కూర్చున్నాడు చెప్పండి? టైటన్స్ మ్యాచ్‌లో 9 సాక్స్ కూడా అతని ఖాతాలోనే వెయ్యాలా?

సాక్ శాస్త్రి:

ఆ ప్లేలో లైన్‌దే తప్పు, నో డౌట్. కానీ దానికి ముందు ప్లే గుర్తుందా? థర్డ్ అండ్ 1. పెరైన్‌కి బంతి ఇచ్చారు, ఆ డోనల్డే పట్టేసి ఒక్క అంగుళం పోనివ్వలేదు. అంత పెద్ద మ్యాచ్‌లో ఒక్క గజం పరిగెత్తలేని లైన్ మీద, తర్వాత ప్లేలో డీప్ రూట్లు పెట్టి పాస్ పిలిచారు. లైన్ వీక్ అని తెలిసి కూడా కోచ్ దాన్ని నమ్ముకున్నట్టు ఆడించాడు అని నా గొడవ. టైటన్స్ 9లో ఓ మూడు నాలుగు బరోవే, మళ్లీ వేసుకుని చూడు.

బేర్ డౌన్ బుజ్జి:

హలో హలో, సాక్స్ గురించి ఏడవాలంటే మా షికాగో బేర్స్ వాళ్లకి టోకెన్ నంబర్ 1 ఇవ్వాలి. 2024లో మా క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్, రూకీ (మొదటి ఏడాది) పిల్లాడు, 68 సార్లు కింద పడ్డాడు. లీగ్ రికార్డు 76, 2002లో టెక్సన్స్ కొత్తగా పుట్టినప్పుడు డేవిడ్ కార్‌ది. టెక్సన్స్ వాళ్లు టోనీ బోసెల్లీ అనే పెద్ద లెఫ్ట్ టాకిల్‌ని ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్‌లో (కొత్త టీమ్ మిగతా టీమ్‌ల నుంచి ఆటగాళ్లని ఎంచుకోడం) తెచ్చుకుని, భుజం గాయంతో అతను ఒక్క స్నాప్ కూడా ఆడకపోతే, ఇక చూసుకో. మాకు ఆ సాకు కూడా లేదు. పేట్రియట్స్ మ్యాచ్‌లో ఒక్కరోజే 9 సాక్స్, రెండు రోజులకే ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ వాల్డ్రన్‌ని తీసేశారు, థాంక్స్‌గివింగ్ మ్యాచ్ అయ్యాక హెడ్ కోచ్ ఎబర్‌ఫ్లూస్ కూడా ఇంటికి. నేట్ డేవిస్ అని 2023లో 3 ఏళ్లకి 30 మిలియన్లిచ్చి తెచ్చిన గార్డ్‌ని సీజన్ మధ్యలోనే వదిలించుకున్నారు.

కానీ తర్వాత చేసిన పనే ఇక్కడ పనికొస్తుంది. 2025లో లోపలి ముగ్గుర్ని ఒకేసారి మార్చేశారు. చీఫ్స్ నుంచి జో తునీని నాలుగో రౌండ్ పిక్‌కి, రామ్స్ నుంచి జోనా జాక్సన్‌ని ఆరో రౌండ్ పిక్‌కి ట్రేడ్‌లో, ఫాల్కన్స్ సెంటర్ డ్రూ డాల్మన్‌ని ఫ్రీ ఏజెన్సీలో. హెడ్ కోచ్‌గా బెన్ జాన్సన్. సాక్స్ సగం కంటే ఎక్కువ తగ్గిపోయాయి. ఇందులో తమాషా ఏంటంటే లెఫ్ట్ టాకిల్ మాత్రం ఆ సీజన్ మొత్తం కుదర్లేదు, బ్రాక్స్టన్ జోన్స్, థియో బెనడెట్, ఒజీ ట్రపిలో అని ముగ్గుర్ని మార్చి మార్చి ఆడించారు. అంటే అందరూ లెఫ్ట్ టాకిల్ లెఫ్ట్ టాకిల్ అని జపం చేస్తారు గానీ మధ్యలో గట్టిగా ఉంటే క్వార్టర్‌బ్యాక్‌కి ముందుకి అడుగేసే చోటు దొరుకుతుంది, బయట నుంచి వచ్చేవాడు వెనక నుంచి దాటిపోతాడు. మధ్యలోంచే తోసుకొచ్చాడా, ముందుకీ పోలేడు, బంతీ కనపడదు.

శాస్త్రి గారి పాయింట్ కూడా మా దగ్గర నిజమే అయింది, కేలబ్ 2024లో బంతి చాలాసేపు పట్టుకునేవాడు, చూసి చూసి మాకే విసుగొచ్చేది. కొత్త కోచ్ ఆ అలవాటు కూడా కొంత మాన్పించాడు. ఏది ఎంత అని విడదీసి చెప్పమంటే నా వల్ల కాదు.

కేసీ కిట్టు:

బెంగాల్స్ తమ్ముళ్లూ, మీ ఓర్లాండో బ్రౌన్ ముందు మా చీఫ్స్ వాడే 😄

జోకులు పక్కన పెడితే మాదీ ఇదే కథ. 2021 ఫిబ్రవరి సూపర్ బౌల్‌కి ముందు ఎరిక్ ఫిషర్ మడమ దగ్గర అకిలీస్ తెగింది, మిచెల్ ష్వార్ట్జ్ అప్పటికే నడుం నొప్పితో లేడు, రెండు టాకిల్సూ లేకుండా టాంపా మీదకి పోయాం. 31-9. మా క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ ఆ రోజు పరిగెత్తిన పరుగు ఎన్ఎఫ్ఎల్ ఫుల్‌బ్యాక్ కూడా సీజన్లో పరిగెత్తడు. మా వాళ్లు ఏడుస్తూ కూర్చోలేదు, ఆ సమ్మర్‌లోనే ఐదుకి ఐదు పొజిషన్లూ మార్చేశారు. రెండేళ్లకి ఈగల్స్ మీద, ఆ సీజన్లో 70 సాక్స్ కొట్టిన డిఫెన్స్ మీద, ఒక్క సాక్ కూడా ఇవ్వకుండా 38-35.

మళ్లీ 2025 ఫిబ్రవరిలో అదే ఈగల్స్, బ్లిట్జ్ (అదనంగా మనుషుల్ని మీదకి పంపడం) ఒక్కటి కూడా చెయ్యకుండా నలుగురితోనే వచ్చి 6 సార్లు పడేశారు, 40-22. ఎందుకు? లెఫ్ట్ టాకిల్స్ ఎవరూ నిలబడక గార్డ్ తునీని అక్కడ నిలబెట్టాల్సొచ్చింది, దాంతో ఒక చిల్లు పూడ్చబోతే రెండయ్యాయి. అంత బాగు చేసుకున్న లైన్ కూడా నాలుగేళ్లకి మళ్లీ మొదటికొచ్చింది. కాబట్టి ఒకసారి బాగుచేస్తే పదేళ్లు అనుకోవద్దు.

ఒహాయో ఓబులేసు:

కిట్టూ, మీ బాధలు వినే ఓపిక మాకు లేదు, మూడు సూపర్ బౌల్ ఉంగరాలు పెట్టుకుని మాట్లాడకు 😅

సరే ఇంకో డౌట్. డబ్బుంటే షికాగో లాగ మనమూ ముగ్గుర్ని ఒకేసారి కొనొచ్చు కదా? ఓనర్లు పిసినారులు అంటారు, అదేనా, లేక క్యాప్ (టీమ్ జీతాలకి లీగ్ పెట్టిన పరిమితి) అడ్డా?

థర్డ్ అండ్ లాంగ్:

రెండూ. కానీ ముందు క్యాప్ చూడు. బరో 2023లో 5 ఏళ్లకి 275 మిలియన్ డాలర్లు, 2025లో చేజ్ 4 ఏళ్లకి 161, ఇంకో రిసీవర్ టీ హిగిన్స్ 4 ఏళ్లకి 115. ముగ్గురికీ ఇవ్వాల్సిందే అని అప్పుడు అందరం గొంతు చించుకున్నాం. పాసింగ్‌కి అంత పోశాక లైన్‌లో చవగ్గా దొరికేవాళ్లు కావాలి, అంటే రెండో రౌండ్ నుంచి ఐదో రౌండ్ దాకా డ్రాఫ్ట్ గురి తప్పకూడదు. మనం తప్పేది సరిగ్గా అక్కడే. సీవెల్ లాంటివాడికి 2024లో లయన్స్ ఏడాదికి 28 మిలియన్ల లెక్కన ఇచ్చారు, అంత పెట్టి ఐదుగుర్ని ఎవరూ కొనలేరు. 2025లో కాపాని వదిలేశారు, మూడో రౌండ్లో డిలన్ ఫెయిర్‌చైల్డ్‌ని తీసుకుని లెఫ్ట్ గార్డ్‌లో వెంటనే దింపారు, సీజన్ ముందు హడావుడిగా డాల్టన్ రైజ్నర్‌ని తెచ్చుకున్నారు. ఫెయిర్‌చైల్డ్ నాకు నచ్చాడు, బలం ఉంది, బ్యాలెన్స్ ఉంది, రెజ్లింగ్ నుంచి వచ్చాడు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ కుర్రాళ్లు నేర్చుకోడానికి ప్రాక్టీసే లేదు ఇప్పుడు. 2011 ఒప్పందంలో రోజుకి రెండుపూట్ల ప్యాడ్స్ వేసుకుని కొట్టుకోడం పోయింది, రెగ్యులర్ సీజన్ మొత్తానికి ప్యాడ్స్‌తో ప్రాక్టీసు 14 సార్లకి మించకూడదు. రిసీవర్‌కి పర్లేదు, షార్ట్స్‌లో కూడా రూట్లు పరిగెత్తి నేర్చుకుంటాడు. లైన్‌మన్ ఎదుటివాడి బరువు చేతుల మీద పడకుండా ఏం నేర్చుకుంటాడు? ఆటగాళ్ల ఒంటికి మంచిదే, నేను కాదనట్లేదు, కానీ కాలేజీల్లోనేమో బంతి టకటకా వదిలే స్ప్రెడ్ ఆఫెన్స్‌లు, అక్కడ సరిగ్గా నేర్చుకోకుండా వస్తారు, ఇక్కడ నేర్పే టైమ్ ఉండదు. లీగ్ మొత్తానికి ఉన్న రోగమే ఇది, మనకి కొంచెం ముదిరింది.

పాకెట్ పంతులు:

ప్రాక్టీసు సంగతి నూటికి నూరు పాళ్లు కరెక్టు, అందుకే లైన్ కోచ్ విలువ ఇప్పుడు ఇంకా పెరిగింది. ఈగల్స్‌లో లైన్ కోచ్‌గా జెఫ్ స్టౌట్‌లాండ్ పెంచినవాళ్లని చూడండి, జోర్డన్ మైలాటా ఆస్ట్రేలియా నుంచి రగ్బీ లీగ్ ఆడుతూ వచ్చాడు, 2018లో ఏడో రౌండ్, అంతకు ముందు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటి ఆడలేదు. మెఖై బెక్టన్‌ని జెట్స్ 2020లో మొదటి రౌండ్లో టాకిల్‌గా తీసుకుని చివరికి వదిలేసుకున్నారు, 2024లో అదే మనిషిని ఈగల్స్ రైట్ గార్డ్‌కి మార్చి సూపర్ బౌల్ గెలిచారు. కార్మన్ విషయంలో మనవాళ్లు చేసింది కూడా టాకిల్‌ని గార్డ్ చెయ్యడమే, అక్కడ కుదిరింది ఇక్కడ కుదర్లేదు. మనిషి తేడా కొంత, నేర్పినవాళ్ల తేడా కొంత.

కోల్ట్స్‌ని కూడా వదిలెయ్యకండి. 2017లో 56 సాక్స్ ఇచ్చి లీగ్‌లో ఆఖర్న ఉన్నారు, 2018లో 18, లీగ్‌లో అందరికంటే తక్కువ. క్వెంటన్ నెల్సన్ 6వ పిక్, బ్రేడన్ స్మిత్ రెండో రౌండ్, ఇద్దరూ ఒకే డ్రాఫ్ట్. పైగా క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ గాయం నుంచి తిరిగొచ్చాడు, కొత్త హెడ్ కోచ్ ఫ్రాంక్ రైక్ బంతి త్వరగా వదిలే ఆఫెన్స్ పెట్టాడు. శాస్త్రి గారూ మీదీ నాదీ రెండూ అందులోనే ఉన్నాయి. కానీ లక్ ఆ పైయేడు ఆగస్టులోనే రిటైరైపోయాడు, అంతకు ముందు ఏళ్లలో తిన్న దెబ్బలు చాలు అనుకుని. బరో విషయంలో నా భయం అదే, లైన్ బాగయ్యేసరికి మనిషి మిగలాలి కదా.

ఒహాయో ఓబులేసు:

అబ్బా ఆ మాట అనకండి పంతులు గారూ. సరే, మరి నా లాంటోడు మ్యాచ్ చూసేటప్పుడు లైన్ ఎలా చూడాలి? టీవీ కెమెరా బంతి వెనకే పోతుంది కదా.

పాకెట్ పంతులు:

లైవ్‌లో వద్దు, లైవ్‌లో ఎంజాయ్ చెయ్యండి. మర్నాడు ఎన్ఎఫ్ఎల్ ప్లస్ ప్రీమియంలో కోచ్‌లు చూసే ఫిల్మ్ ఉంటుంది, అందులో ఎండ్ జోన్ వెనక నుంచి తీసిన యాంగిల్ పెట్టుకోండి. బంతి వైపు చూడకండి, సెంటర్‌కి ఇరుపక్కలా ఉన్న గార్డ్‌లు ఇద్దర్నే చూడండి, అది కూడా థర్డ్ డౌన్లు మాత్రమే. వాళ్ల మీదకి ఎవరూ రాకపోతే ఊరికే నిలబడి చూస్తున్నారా, లేక పక్కోడికి సాయం పోయి ఎవడి పక్కటెముకల్లోనో గుద్దుతున్నారా? నడుము బయటికి తిరిగిపోతోందా? బరో పాస్ వదిలేటప్పుడు ముందుకి అడుగెయ్యగలిగాడా, లేక వెనక్కి ఒరిగి విసిరాడా? ముందు ఆ బఫలో మ్యాచ్ చూసి, తర్వాత కాన్సాస్ సిటీ మ్యాచ్ చూడండి, వారం తేడాలో అవే ఐదుగురు.

కేసీ కిట్టు:

రెండోది నేను కూడా వచ్చి చూస్తా, నాకు బోర్ కొట్టదు.